విమానము నేల విడుచు వేగము

ఒక సోదరీమణి మాకు జాబు వ్రాసియున్నారు. కుమార్తె కాన్పునకై ఢిల్లీ పోవుచు శంషాబాదులో మొదటిసారి విమానమెక్కిరట. అది కదలినది మొదలు అంతకంతకు పరుగెత్తుటయే గాని పైకి లేవదయ్యెననియు, ఎగురలేకపోయెనేమో యని కన్నులు మూసికొని కుర్చీచేతులు గట్టిగా పట్టుకొంటిననియు వ్రాసిరి. అంత పరుగేల, ఎంత వేగమున్న చాలును, అని వారి ప్రశ్న. తాము తీసికొనిపోయిన రెండు ఆవకాయజాడీల బరువుచేత ఆలస్యమైనదా యనియు చివర అడిగిరి. నవ్వులాటకు వ్రాసిన మాటయే యైనను, ఉన్న ప్రశ్నలలో అదియే మంచిదని మాకు తోచినది.

సంక్రాంతినాడు గాలిపటమెగురవేయు పిల్లవానిని చూడుడు. గాలి వీచుచున్నయెడల వాడు నిలుచున్నచోటనే దారము వదలును. గాలి లేనినాడు దారము పట్టుకొని పరుగెత్తును. పటమునకు కావలసినది గాలి తాకిడి. అది తానై వచ్చినను సరియే, పరుగుచే కల్పించుకొన్నను సరియే. విమానపు రెక్కయు నట్టిదే. రెక్క గాలిని క్రిందికి త్రోయును, గాలి రెక్కను పైకి త్రోయును. వేగము రెట్టింపైనచో ఈ త్రోపు నాలుగురెట్లగును. అది విమానపు బరువును మించినప్పుడే చక్రములు నేల విడుచును.

నలుగురు కూర్చుండదగిన సెస్నా 172 అను చిన్న విమానమునకు గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగము చాలును. రహదారిమీద మోటారుకారు పోవునంతయే. మన దేశమున నగరముల నడుమ తిరుగు బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320 వంటివి నిండుబరువున 70, 80 టన్నులు తూగును. వానికి 250 మొదలు 280 కిలోమీటర్ల వరకు కావలయును. మన వందే భారత్ రైలు మిక్కిలి వేగముగా పోవునప్పుడు 160 అని తలచినచో, ఆ సోదరి కన్నులు మూసికొనుట వింత గాదు.

ఈ వేగము నేలతో గాక గాలితో పోల్చి చెప్పునది. 1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని కిటీహాకు ఇసుకనేలపై ఆర్విల్ రైటు మొదటిసారి యెగిరినప్పుడు ఎదురుగాలి బలముగా వీచుచుండెను. అందుచే యంత్రము నేలమీద మెల్లగనే కదలెను. అన్న విల్బర్ రెక్క పట్టుకొని దానిప్రక్కనే పరుగెత్తగలిగెను. పండ్రెండు సెకండ్లు, నూట యిరువది యడుగులు, అంతియే ఆ ప్రయాణము. నేటికిని విమానములు వీలైనంతవరకు గాలికి ఎదురుగనే లేచును.

గాలి పలుచనైనకొలది పరుగు హెచ్చవలయును. ఎత్తునను ఎండకును గాలి పలుచనగును. శంషాబాదు సముద్రమట్టమునకు 600 మీటర్ల పైనున్నది గాన, అదే విమానము అదే బరువుతో విశాఖపట్టణమునకన్న అచ్చట నేలపై నించుక యెక్కువ వేగమందుకొనవలయును. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్సు నగరమున ఎండ 48 డిగ్రీలకు చేరగా, చిన్న విమానములు పెక్కింటిని కదలనీయక నిలిపివేసిరి. రోహిణికార్తె యెరిగిన మనకిది వేరుగ చెప్పనక్కరలేదు.

పరుగారంభమునకు ముందే చాలకులు మూడు వేగములను లెక్కకట్టి యుంచుకొందురు. మొదటిది నిర్ణయవేగము, అది దాటువరకు ఏ యంత్రము చెడినను ఆగవచ్చును, దాటినపిదప ఆగుటకు చోటు చాలదు, ఎగిరియే తీరవలయును. రెండవది ముక్కు పైకెత్తు వేగము. మూడవది, ఒక యింజను పోయినను క్షేమముగా పైకి పోగల వేగము. 1947లో విమానచాలకపు అనుమతి బడసి హైదరాబాదునందలి దక్కన్ ఎయిర్‌వేసులో చేరిన ప్రేమ్ మాథుర్ గారి వంటి స్త్రీలు ఈ విద్యను మన దేశమున ఏనాడో చేపట్టిరని యిచ్చట తలచుకొనుట తగును.

ఇక జాడీల మాట. ఆ మూడు వేగములును బరువునుబట్టియే యేర్పడును. 2009 మార్చి 20వ తేదీ రాత్రి మెల్‌బోర్నునుండి దుబాయికి బయలుదేరిన ఎయిర్‌బస్ 340 విమానమున 275 మంది యుండిరి. దాని బరువు 362 టన్నులు. యంత్రములో నమోదు చేయునప్పుడు 262 అని పడినది. ఒక్క అంకె! లెక్క తక్కువ వేగమును, తక్కువ బలమును చూపెను. ఆ వేగమున ముక్కెత్తగా విమానము లేవలేదు. తోక నేలకు రాచుకొనెను. రన్‌వే ముగియుచుండగా చాలకుడు ఇంజనులకు పూర్తి బలమిచ్చెను. రన్‌వే చివరనున్న పరికరములను తాకుచు అది యెట్లో పైకి లేచినది. సముద్రముపై ఇంధనము వదలి, తిరిగివచ్చి దిగిరి. ఎవరికిని గాయము తగులలేదు.

కావున ఆ సోదరి సామాను తూచిన ఉద్యోగి ముఖము చిట్లించినను, వారు తప్పుగా తలపరాదు. జాడీల బరువును పరుగుయొక్క లెక్కలో చేరియేయున్నది. ఆలస్యమేమియు కాలేదు, పదో పదునైదో కిలోల ఆవకాయ అంతటి బరువులో లెక్కకు వచ్చునేగాని కంటికి కనబడదు. విమానము పరుగెత్తవలసినంతయే పరుగెత్తినది. మనుమడో మనుమరాలో మాత్రము వారు వ్రాయలేదు, మరుజాబులో తెలుపుదురుగాక.