మన వీడియోలో మనకే వేషమా?

  

 కొంచెం పెద్ద పోస్టు ఇది. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

పోయిన ఆదివారం ఉట్నూరులో ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం కోసం తీసే పాట వీడియో గురించి అందరం కూర్చున్నం. పాట మంచిది. పెళ్లికూతురు పుట్టిన ఊరు దాటుతుంటే ఆడోళ్లు పాడే గోండి పాట. పాడే చెల్లె మన హాస్టల్లో చదివిన పిల్లే, ఇప్పుడు నర్సింగ్ చేస్తున్నది. ఆ పాట వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. అక్కడే నిలబడి రెండు చరణాలు పాడితే గది మొత్తం సప్పుడు లేదు. ఇంతవరకు అంతా బాగనే ఉంది.

తర్వాత "లుక్" గురించి చర్చ మొదలైంది. పట్నం నుంచి వచ్చిన కెమెరా ఆయన చెల్లె దిక్కు పైనుంచి కిందిదాకా చూసి అన్న మాట ఇది: "వాయిస్ సూపర్. కానీ అమ్మాయి ట్రైబల్ లాగ కనిపిస్తలేదు."

ఆ మాట మళ్లొకసారి చదవండి. గోండు అమ్మకు, గోండు నాన్నకు పుట్టి, గోండిలో ఏడ్చి, గోండిలో పాడిన పిల్ల ఆదివాసీ లాగ కనిపిస్తలేదట! కళ్లద్దాలు తీసెయ్యాలట. చుడీదార్ వద్దట. ఆకులు కుట్టిన గౌను, మెడల పూసలు, చెంపల మీద తెల్ల చుక్కలు, చేతిల విల్లు ఉండాలట. వెనక ఎనిమిది మంది పిల్లలు గుస్సాడీ టోపీలు పెట్టుకొని డీజే బీట్‌కు ఎగరాలట. టోపీలు కిరాయికి తెప్పిస్తరట.

కెమెరా ఆయన మీద మాకు పెద్ద కోపం లేదు. ఆయనకు తెలిసింది సినిమా. బాధ ఎక్కడంటే, మనోళ్లు పదిమంది "అవునన్నా, గట్లయితేనే వ్యూస్ వస్తయి" అని తలలు ఊపిండ్రు. చెల్లె ఏం మాట్లాడలేదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకొని, మళ్ల పెట్టుకున్నది. రాత్రి మాలో ఒకామెకు ఫోన్ చేసి "అక్కా, వేరే ఎవరితోనైనా పాడించుకోండి" అన్నది.

ఈ పోస్టు రాస్తున్నది ఒక్కరు గాదు. ఆ గదిలో వెనక వరుసల కూర్చున్న ఏడుగురం. అక్కడే ఎందుకు నోరు విప్పలేదని అడుగుతరు. నిజమే, విప్పాల్సింది. సీనియర్ల ముందు ఏం మాట్లాడుతమని ఊరుకున్నం. అది మా తప్పు. అందుకే ఇప్పుడు అందరి ముందు చెప్తున్నం.

మొదటి మాట. ఆ ఆకుల గౌను ఏ తెగది? మన అవ్వలు కట్టింది తొమ్మిది గజాల చీర, మోకాళ్ల దాక గోచి పోసి. మెడల వెండి కడియం, చేతుల మీద, నుదుటి మీద పచ్చబొట్లు. మన తాతలు కట్టింది తెల్ల ధోతి, తలకు రుమాలు. కొమ్ములు పెట్టుకొని ఆడేది కొమ్ముకోయలు, వాళ్లకు వాళ్ల లెక్క ఉంది. అద్దాల లంగా లంబాడాలది. ధింసా ఆడే చీరకట్టు అరకు దిక్కుది. ఎవరిది వాళ్లది, ఎవరి గౌరవం వాళ్లది. ఈ ఆకుల గౌను మాత్రం ఎవరిదీ గాదు. అది సినిమా కాస్ట్యూమ్ పెట్టెది. ఆ పెట్టె తెరిచేటోనికి గోండు, కోయ, కొలాం, పర్ధాన్ అని తేడా తెల్వదు. "ట్రైబల్" అని ఒకటే డ్రెస్.

మనం పట్నం హాస్టల్‌కు పోయినప్పుడు మొదటి వారం మనల్ని ఏమడిగిండ్రో యాది చేసుకోండి. "మీరు ఇంట్ల ఆకులు కట్టుకుంటరా? పచ్చి మాంసం తింటరా? ఏదీ, హుర్ర హుర్ర అను?" మాలో ఒక్కరు కూడ ఈ ప్రశ్న తప్పించుకోలేదు. ఆ పిల్లలు పుట్టుకతోనే చెడ్డోళ్లు గాదు. వాళ్లు చూసిన పాటలు, సినిమాలు అట్లున్నయి. ఇప్పుడు మనమే చందాలు ఏసుకొని అదే పాట ఇంకొకటి తీసి పెడితే, రేపు ఏ మొఖంతోని వాళ్లకు జవాబు చెప్తం? "మీ వీడియోలనే ఉంది గదా" అంటే?

ఇంకో విచిత్రం చూడండి. సినిమాలల్ల తెల్లగున్న హీరోయిన్‌తో ఆదివాసీ పాత్ర వేయించాలంటే నల్ల రంగు పూస్తరు. మన నల్ల పిల్ల పాడితే ఎడిటింగ్‌ల తెల్ల రంగు పూస్తరు. పోయినేడు మన పిల్లలు తీసిన వీడియో చూడండి, అందరి మొఖాలు పిండి రాసినట్టున్నయి, వెనక అడవి మాత్రం పచ్చగ నిగనిగలాడుతున్నది. అడవి రంగు బాగుండాలె, అడవి మనిషి రంగు మాత్రం మారాలె. ఇదేం లెక్క?

రెండో మాట గుస్సాడీ టోపీ గురించి. దీని మీద మెత్తగ మాట్లాడలేం.

దండారి దీపావళి రోజులల్ల వస్తది. గుస్సాడీ వేసినోడు ఆ రోజులు మనిషి లెక్కల ఉండడు, దేవుని లెక్కల ఉంటడు. ఒంటికి బూడిద, భుజాన తోలు, చేతిల రోకల్, తలకు నెమలి ఈకల టోపీ. దీక్ష అయ్యేదాక స్నానం చెయ్యడు. ఆ టోపీకి పూజ ఉంది, దించడానికి ఒక పద్ధతి ఉంది. ఆగస్టు నెలల, నడి వానకాలంల, కిరాయికి తెచ్చి, షూటింగ్ అయినంక ప్లాస్టిక్ సంచిల ఏసి పంపుతమా? మన ఇంటి టోపీని అట్ల తీస్తే తాత ఊకుంటడా?

దీనికి జవాబుగ ఒకన్న అన్నడు: "ప్రభుత్వ సభలల్ల గుస్సాడీ ఆడుతలేరా? లీడర్లు వచ్చి టోపీ నెత్తిన పెట్టుకొని ఫొటోలు దిగుతలేరా?" ఆడుతున్నరు, దిగుతున్నరు. కాదనం. ఆ ఫొటోలు చూసినప్పుడు మన ఊరి పెద్దలు లోపల ఎంత నొచ్చుకుంటరో కూడ మీకు తెలుసు. వాళ్లు చేసిన తప్పు మనకు పర్మిషన్ కాదు.

మర్లవాయి కనక రాజు తాతను తలుచుకోండి. 2021ల గుస్సాడీకి పద్మశ్రీ తెచ్చినోడు. 2024 అక్టోబర్‌ల మనల్ని విడిచి పోయిండు. ఆయన కూడ ఊరు దాటి వేదికలెక్కిండు. కానీ ఆయన వెనక ఒక జీవితం ఉంది. అడుగు అడుగు పిల్లలకు నేర్పిండు. ఆయన ఆడితే ఆట కనిపించేది, టోపీ తర్వాత. మన ప్లాన్‌ల ఆట లేదు, దీక్ష లేదు, ఊరు లేదు. టోపీ ఒక్కటే ఉంది. గుస్సాడీని చూపించాలనుంటే దండారి సమయంల, ఊరి పటేల్‌ను, కటోడను అడిగి, వాళ్లు ఒప్పుకున్నంత వరకు తీద్దం. ఒద్దన్నకాడ కెమెరా దించుదం. అది వేరే వీడియో అయితది. ఈ పెళ్లిపాటకు దానితోని సంబంధమే లేదు.

మూడో మాట. "ఇమేజ్ లేకుంటే ఆర్టిస్ట్ లేడు" అన్నరు. సరే, ఇమేజ్ అంటే ఏందో మాట్లాడుకుందం. మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య గారు బడికి పోలేదు. కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మ కథ గుండెల దాసుకొని డోలు కొట్టుకుంట పాడిండు. 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024 జూన్‌ల పోయిండు. ఆయనకు స్టైలిస్ట్ ఎవరు? ఆయన ఇమేజ్ ఆయన డోలు, ఆయన గొంతు, ఆయన యాదిల ఉన్న కథలు.

మన చెల్లె ఇమేజ్ కూడ ఆమె దగ్గరనే ఉంది, కొత్తగ చెయ్యాల్సిన పని లేదు. నర్సింగ్ పుస్తకం, కళ్లద్దాలు, అమ్మమ్మ నేర్పిన పాట. హాస్టల్ మెట్ల మీద కూర్చొని ఆ పాట పాడుకుంటే చాలు. పెళ్లయి ఊరు దాటే పిల్ల పాట, చదువు కోసం ఊరు దాటిన పిల్ల నోట్ల! దీనికంటే పెద్ద కథ ఏ డైరెక్టర్ రాస్తడు? ఆమెకు చీర కట్టుకోవాలనుంటే కట్టుకుంటది, అమ్మమ్మ కట్టినట్టే. చుడీదార్ కావాలంటే అదే. పాత బట్టలే వెయ్యాలని మేము కూడ రూలు పెట్టం. అట్ల పెడితే మేము కూడ కెమెరా ఆయన లెక్కనే అయితం. ఆమె ఎట్లుండాలో ఆమె చెప్పాలె, మనం వినాలె.

"మరి వ్యూస్?" అంటరు. వ్యూస్ మాకు చేదు గాదు. మాకూ డీజే ఇష్టమే, పెళ్లిళ్లల్ల మేమూ ఎగురుతం. కానీ ఈ పాట ఏడ్చుకుంట పాడే పాట. దానికి డీజే బీట్ పెడితే తల్లి ఏడుస్తుంటే పక్కన పటాకులు కాల్చినట్టుంటది. ఎగరడానికి మనకు వేరే పాటలు ఉన్నయి, వాటికి పెట్టుకుందం. ఇంకోటి, ఆకుల గౌనుకు వచ్చే వ్యూస్ ఎవరివి? నవ్వుకోనీకి వచ్చినోళ్లవి. చిన్న క్లిప్పులు కోసుకొని, కింద ఆడపిల్ల ఒళ్లు మీద మాటలు రాసేటోళ్లవి. ఆ మాటలు రోజూ చదువుకునేది మన పదిమంది గాదు, ఆ చెల్లె ఒక్కతే. కాలేజీకి పోయేది ఆమె, డ్యూటీల నిలబడేది ఆమె.

ఇగ ఖర్చుల కాగితం. డ్రోన్ ఉంది. కాస్ట్యూమ్ కిరాయి ఉంది. డీజే మిక్సింగ్ ఉంది. బిర్యానీ కూడ ఉంది. పాట ఇచ్చిన అవ్వ పేరు మీద ఒక్క రూపాయి లేదు. కిక్రి లేదు, పేప్రె లేదు. మన పాటలను, మన కథలను తరతరాలుగ కిక్రి మీద మోసుకొచ్చింది పర్ధాన్లు. తోటి వాళ్లు మోసిండ్రు. సభలల్ల "మన సంస్కృతి" అని గొంతు చించుకుంటం, వీడియో తీసేటప్పుడు వాళ్లను పిలవం. కీబోర్డుల కిక్రి సౌండ్ కొడతం. బయటోడు మనల్ని చిన్నచూపు చూసిండని ఏడుస్తం, మన లోపలి చిన్నచూపు గురించి ఎవరు ఏడవాలె?

తిట్టి ఊరుకుంటే పని గాదు. మేము అడిగేవి ఇవి:

1. గుస్సాడీ టోపీలు, ఆకుల గౌను, విల్లు ఈ వీడియోల వద్దు. ఆ పైసలు కిక్రి వాయించే తాతకు, పాట ఇచ్చిన అవ్వకు ముందే చేతికివ్వాలె. షూటింగ్ అయినంక చూద్దం అనొద్దు.

2. బట్టలు, జుట్టు, కళ్లద్దాలు చెల్లె ఇష్టం. షూటింగ్ దగ్గర ఆమెకు తోడుగ ఆమె చెప్పిన ఇద్దరు ఆడపిల్లలు ఉండాలె.

3. ఎడిటింగ్‌ల ఒంటి రంగు మార్చొద్దు. వెలుతురు సరిచేసుకోండి, మనిషిని గాదు.

4. పాట గోండిల, కింద తెలుగుల అర్థం. టైటిల్ గుంజాల గోండి లిపిల వెయ్యాలె. మన నార్నూరు మండలం గుంజాలల దొరికిన రాతప్రతుల లిపి అది. 2018ల యూనికోడ్‌ల చేరింది, ఫాంటు ఉచితంగనే దొరుకుతది. 2011 లెక్కల్ల గోండి మాట్లాడేటోళ్లు 29 లక్షలకు పైనే, అయినా ఎనిమిదో షెడ్యూల్ల మన భాషకు చోటు లేదు. కనీసం మన వీడియోలనన్నా చోటియ్యలేమా?

5. "లిరిక్స్, మ్యూజిక్" అని ఎవరూ సొంత పేరు ఏసుకోవద్దు. పాట గోండు ఆడోళ్లది. ఏ ఊరు, ఎవరి నోట విన్నం, ఎవరు వాయించిండ్రు అని రాయాలె. అవ్వ ఒప్పుకుంటెనే ఆమె పేరు.

6. అప్‌లోడ్‌కు ముందు మొత్తం వీడియో, పైన పెట్టే ఫొటోతో సహా, చెల్లెకు చూపించాలె. ఆమె సరే అంటెనే బయటికి. ఇది మేము దయ చూపించమని అడుగుతలేం. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 38 పాడినోళ్లకు, ఆడినోళ్లకు, వాయించినోళ్లకు హక్కు ఇచ్చింది. 50 ఏళ్లు ఉంటది ఆ హక్కు. 2012ల చేర్చిన 38బి ప్రకారం తన పేరు వెయ్యమని అడగొచ్చు, పరువు పోయేటట్టు తన పాటను మారిస్తే అడ్డుకోవచ్చు. నిడివి కోసం కొంచెం కత్తిరించుడు వేరే సంగతి. ఈ సంగతి ప్రతి పాటగాని చెవిన వెయ్యండి.

7. ఛానల్ పాస్‌వర్డ్ ఒక్కని జేబుల ఉండొద్దు. పాడిన పిల్ల ఫోన్ నంబర్, సొంత ఖాతా ఎక్కడా పెట్టొద్దు. వచ్చిన చెడ్డ మాటలు తీసే పని ఇద్దరికి అప్పజెప్పాలె.

ఇవన్నీ చేస్తే వీడియో ఆగస్టు 9కి కాదు అంటరేమో. కాకపోతే కాకపోనీ. జోడేఘాట్‌ల 1940ల కొమురం భీం ప్రాణమిచ్చింది జల్, జంగల్, జమీన్ మన చేతిల ఉండాలని. మన మొఖం కూడ మన చేతిల ఉండాలె గదా. దాన్ని కిరాయికిచ్చి ఏ దినోత్సవం చేసుకుంటం?

వచ్చే ఆదివారం మళ్ల కూర్చుందం. ఈసారి ఏడుగురం ముందు వరుసల ఉంటం. చెల్లెతో మాట్లాడినం. వస్తనన్నది, పాడుతనన్నది. అమ్మమ్మను కూడ తోలుకొస్తదట. అవ్వకు కుర్చీ ఎయ్యండి. ముందు ఆమెను అడుగుదం, ఈ పాట ఎప్పుడు పాడాలె, ఎట్ల పాడాలె అని. కెమెరా లెక్కలు తర్వాత.

మా మాట తప్పనిపిస్తే వచ్చి మొఖం మీద చెప్పండి, వింటం. కానీ ఆ గదిల ఇంకోసారి మన పిల్లను "ఆదివాసీ లాగ లేవు" అంటే మాత్రం ఈసారి ఊకోం.

జై ఆదివాసీ! జై కొమురం భీం!