ఖాలా మర్జీ

మా ఖాలాని మానసిక వైద్యం వార్డులో చేర్చేనాటికి ఆమెకు అయిదు రాత్రులుగా నిద్ర లేదు. డాక్టర్ ఏమడిగినా జవాబులన్నీ మేమే చెప్పాం. నర్సు మాత్రం మమ్మల్ని బయట కూర్చోబెట్టి ఖాలానే అడిగింది: "గోలీ ఇషా నమాజుకి ముందు వేసుకుంటారా, తర్వాతా అమ్మా? రాత్రికి లైటు ఉంచమంటారా?"

చిన్న ప్రశ్నలే. కానీ ఆ అయిదు రోజుల్లో ఖాలా మర్జీ అడిగిన మొదటి మనిషి ఆమే. మర్నాడు ఖాలా తనంతట తానే వజూ చేసుకుంది.

మనం ఈ బీమారీని ఆసేబ్ అంటాం, ఇజ్జత్ పోతుందని దాస్తాం. దాచడం ఎక్కడిదాకా పోతుందో ఏర్వాడి చెప్పింది. తమిళనాడులోని ఆ దర్గా ఊళ్లో, 2001 ఆగస్టు 6న, ఓ షెడ్డుకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసిన 28 మంది మరీజులు కాలిపోయారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. ఏ ఇలాజ్ కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు, తన తరఫున నిలబడే మనిషిని తానే ఎంచుకునే హక్కు మరీజుకి ఇచ్చింది. కానీ మనసు చెదిరిపోయిన ఆ మొదటి రోజుల్లో కాగితం మీది హక్కుని మరీజు చేతిలో పెట్టేది పక్కనుండే నర్సే.

దువా చేద్దాం, షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. సిస్టర్ మన మరీజుని ఏదైనా అడిగినప్పుడు మాత్రం మనం సబర్ పడదాం. ఆ జవాబు మనది కాదు.