పాత కటకములను పెట్టెలో దాచవలెనా?

హంద్రి కీవలనున్న కల్లూరులోని మన పాఠశాలకు పూర్వవిద్యార్థి యొకరు పాత కెమెరాను, దానికి వేఱొక కంపెనీవారు చేసిన జూమ్ కటకమును బహూకరించియుండిరి. గడచిన వార్షికోత్సవమునాడు ఒక బాలుడు దాని వలయమును చేతితో త్రిప్పగా లోపల కరకరమని శబ్దమై, నాటినుండి ఆటోఫోకస్ నిలిచిపోయెను. ఇకమీదట పిల్లల కట్టివాని నియ్యరాదని కొందఱు పెద్దలు చెప్పుచున్నారు. బాలుడును సిగ్గుపడి ఛాయాచిత్రసంఘమునకు వచ్చుట మానినాడు. ఈ నిషేధము తగదని మా యభిప్రాయము. తప్పు వానిది గాదు. చెప్పకయే చేతికిచ్చిన మాది.

1985లో మినోల్టా 7000, 1986లో నికాన్ ఎఫ్-501 వెలువడినప్పుడు మోటారు కెమెరాలోనే యుండెను. కెమెరానుండి వచ్చు చిన్న లోహపుమొన కటకముయొక్క గాడిలో దిగి పళ్ళచక్రములను త్రిప్పును. 1987లో కెనాన్ వారు తమ ఈఓఎస్ కెమెరాలకు మోటారును కటకములోనే యమర్చిరి. సిగ్మా, టామ్రాన్, తోకినా మొదలగు కంపెనీలవారు పలు కెమెరాలకు సరిపడునట్లు తక్కువ వెలకు కటకములను చేసిరి. అట్టి పాతవానిలో కొన్నింట లోపలి చక్రములు ప్లాస్టిక్కువి. మోటారు అనేక పర్యాయములు తిరిగినగాని వలయము కొంచెము కదలదు. చేతితో వలయమును త్రిప్పితిమా, ఆ చక్రముల వరుస యంతయు వెనుకనుండి బలవంతముగా తిరుగవలసియుండును. వెనుకటి దినములలో కపిలతో నీరు తోడునప్పుడు ఎద్దు లాగుచుండగా బావిలోనుండి యెవరో మోకును పట్టిలాగినట్లే. తెగునది మోకు, ఇచ్చట విఱుగునది చక్రపు పన్ను.

బాలుడు పొరబడుటకు కారణము కలదు. వాని యింటనున్న క్రొత్త కటకము అల్ట్రాసోనిక్ మోటారు గలది. దానిని ఆటోఫోకస్‌లో నుంచియే చేతితో త్రిప్పవచ్చును. పాతవానికి ఆ వెసులుబాటు లేదు.

కావున వలయమును తాకుటకు ముందే మీటను చూడవలెను. మొన గల నికాన్ కెమెరాలపై కటకపు ప్రక్కనున్న మీటను ఎమ్ అను అక్షరమునకు త్రిప్పిన, మొన లోనికి పోవును. కెనాన్‌కు సరిపడు కటకములపై మీట కటకముమీదనే యుండును. తోకినావారి కొన్ని పాతవానిలో వలయమును వెనుకకు లాగుటయేగాక కెమెరామీటను గూడ మార్చవలెను. ఆటోఫోకస్ సమయమున ముందరి గొట్టము తానే తిరుగు కటకములు కలవు. అట్టివానిని ఆ చోట వ్రేళ్లతో బిగించి పట్టరాదు. సంచిలో పెట్టునప్పుడు కెమెరాను ఆర్పవలెను. లేనిచో మీట నొక్కుడుపడి, మూతకును సంచికిని నడుమ మోటారు పెనగులాడును.

మన నల్లరేగడి ధూళి వేఱొక శత్రువు. గొట్టము సాగునప్పుడెల్ల గాలితోపాటు ధూళియు లోనికి పోవును. బిగిసినదని కుట్టుమిషను నూనె పోయు ఉపాయము మాత్రము వలదు. అది ప్రాకి లోపలి రెక్కలకు అంటుకొనును. కరకర వినబడగానే ఆపి, చేతిఫోకస్‌కు మార్చుట మేలు. ఇట్టి పాతవానికి విడిభాగములు దొరకుట యరుదు.

పెట్టెలో తాళము వేసి దాచుదమందురా? ఏండ్లతరబడి కదలక పడియున్నను గ్రీజు బిరుసెక్కును, గాలియాడనిచో గాజుపై బూజు పట్టును.

మా కటకము ఆటోఫోకస్ పోయినను గాజు చెడలేదు. చేతితో త్రిప్పిన కొండారెడ్డి బురుజు స్పష్టముగా కనబడుచున్నది. ఆ బాలుడు ఎప్పుడు వచ్చినను తీసికొనిపోవచ్చును. తాళపుచెవి మాయొద్దనే యున్నది.