జంతికల గొట్టానికి డయల్ పెడతారా?

"గడ్డం లేనిదానివి, షేవింగ్ సెట్ సంగతి నీకెందుకు?" అని మా ఆయన పోయిన వారం అడిగారు. జవాబు నోటితో చెబితే కాఫీ తాగేలోపు మర్చిపోతారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో మూడు గడ్డాలున్నాయి. మామయ్యగారిది 81 ఏళ్ళ గడ్డం. మా ఆయనది 50 దాటిన గడ్డం. మా వాడిది ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న గడ్డం, అంటే వద్దామా మానేద్దామా అని ఇంకా ఆలోచించుకుంటున్న గడ్డం. మామయ్యగారు ఆర్మీలో పనిచేశారు. చివరి పోస్టింగ్ తిరుమలగిరిలో పడితే, రిటైరయ్యాక ఇక్కడే అల్వాల్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. పొద్దున్నే గడ్డం గీసుకోకపోతే ఆయనకి రోజు మొదలవదు. రెండేళ్ళుగా చెయ్యి వణుకుతోంది కాబట్టి నేనే గీస్తున్నాను. మంగళవారం మాత్రం వద్దంటారు. సర్వీసులో ఉన్నప్పుడు లేని పట్టింపు పెన్షన్‌తో పాటు వచ్చింది. అంటే వారానికి ఆరు రోజులు. ఇప్పుడు చెప్పండి, ఈ ఇంట్లో రేజర్ పట్టుకుని ఎక్కువసేపు నిలబడేది ఎవరు? గడ్డం లేని నేనే.

సంగతి ఇదీ. మూడు నెలల కిందట మా ఆయన ఒక కొత్త సేఫ్టీ రేజర్ తెప్పించుకున్నారు. దానికి మెడ దగ్గర డయల్ ఉంటుంది. కంపెనీ పేరు మనకి అనవసరం. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. చిన్న అంకె పెడితే మెత్తగా గీస్తుంది, పెద్ద అంకె పెడితే గట్టిగా గీస్తుంది. "ఒక్కటి చాలు, ముగ్గురికీ సరిపోతుంది. ఎవరి అంకె వాళ్ళు తిప్పుకోవడమే" అన్నారు. బ్లేడు ఎవరిది వాళ్ళదే, రేజర్ మాత్రం ఒకటే. మామయ్యగారికి రెండు అని నిర్ణయించారు.

ఒక శనివారం రాత్రి మా వాడు స్నేహితుడి అన్న రిసెప్షన్‌కి వెళ్తూ డయల్‌ని ఆరుకి తిప్పి గీసుకున్నాడు. అలాగే వదిలేశాడు. ఆదివారం పొద్దున్న వరండాలో మామయ్యగారి మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, నురుగు పట్టించి, నేను అంకె చూడకుండా దవడ కింద ఒక్క గీత గీశాను.

ఆయనకి స్టెంట్ వేశారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. మామూలుగా పటిక రాస్తే ఆగిపోయే గాటు అది. ఆయనకి ఆగలేదు. దూది పెట్టి నొక్కి పట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఐదు నిమిషాలు. తువ్వాలు ఎర్రబడింది. "ఏం కాలేదులేమ్మా" అని ఆయన నాకు ధైర్యం చెబుతున్నారు.

ఆ తర్వాత ఇంట్లో వినపడ్డ మాట ఏమిటో మీరు ఊహించగలరు. "అంకె చూసుకోవాలి కదా!"

తిప్పినవాడు ఒకడు. కొన్నవారు ఒకరు. చూసుకోవాల్సింది మాత్రం నేను. అందుకే ఇది రేజర్ల గొడవ మాత్రమే కాదంటున్నాను. సరే, ముందు రేజర్ల సంగతే మాట్లాడుకుందాం.

సేఫ్టీ రేజర్‌లో ఉన్నది చాలా తక్కువ. పైన మూత, మధ్యలో రెండు వైపులా పదునున్న బ్లేడు, కింద పలక, దానికో పిడి. బ్లేడు అంచుకీ, కింది పలక అంచుకీ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందు పెరిగితే బ్లేడు చర్మం మీద ఎక్కువ చొరవ తీసుకుంటుంది. తగ్గితే ఒద్దికగా ఉంటుంది. బ్లేడు మందమే మిల్లీమీటర్‌లో పదో వంతు. మరీ మెత్తటి రేజర్‌కీ మరీ గట్టి రేజర్‌కీ సందులో తేడా ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు. మామయ్యగారి తువ్వాలు ఎర్రబడింది ఆ కాస్త తేడాకే.

ఈ సందు మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి డయల్. తిప్పితే లోపలి మర పలకని కిందికో పైకో జరుపుతుంది. జిలెట్ 1958లో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న డయల్ రేజర్‌ని అమ్మకానికి పెట్టింది. జర్మనీలో జోలింగెన్ ఊరి మెర్కూర్ వాళ్ళవి ప్రోగ్రెస్, ఫ్యూచర్ అని రెండు డయల్ రకాలు పేరుపడ్డాయి. రెండో దారి పలకనే మార్చేయడం. ఒక్కో పలకకి ఒక్కో సందు, తయారుచేసేటప్పుడే లోహంలో కోసి పెట్టేస్తారు. కెనడాలో పుట్టిన రాక్‌వెల్ కంపెనీ సెట్టులో మూడు పలకలు, ఒక్కోదానికి రెండు వైపులు, మొత్తం ఆరు అంకెలు వస్తాయి. కావలసినది బిగించుకుంటే, విప్పేదాకా అది మారదు.

రెండో రకం వివరం చదవగానే నాకు నవ్వొచ్చింది. ఇది మన జంతికల గొట్టమే కదా! మా పక్కింటి వదిన మురుకుల గొట్టం అంటుంది, వస్తువు ఒకటే. ఒకే గొట్టం, ఐదారు బిళ్ళలు. కారప్పూసకి సన్న చిల్లుల బిళ్ళ, జంతికలకి నక్షత్రం బిళ్ళ, రిబ్బన్ పకోడీకి పొడుగు చీలికల బిళ్ళ. మా అమ్మమ్మ ఇత్తడి గొట్టానికీ అంతే, ఇప్పటి స్టీలు గొట్టానికీ అంతే. దానికి డయల్ పెట్టి "తిప్పితే చిల్లు పెద్దదవుతుంది" అని ఎవరైనా అమ్మితే మనం కొంటామా? పిండి డయల్ సందుల్లో ఇరుక్కుంటుంది, సగం వాయలో చిల్లు సైజు మారిపోతుంది, నవ్వి పంపించేస్తాం. మగవాళ్ళకి అదే అమ్మితే ఇంజనీరింగ్ అద్భుతం అంటారు.

అలాగని డయల్ అంటేనే తప్పని నేను అనను. గ్యాస్ పొయ్యికి డయల్ కావాలి. పాలు పొంగుతుంటే బర్నర్ మార్చుకుంటూ కూర్చోలేం. పని మధ్యలో మార్చాల్సి వస్తే డయల్ మేలు, పనికీ పనికీ మధ్య మారితే చాలనుకుంటే బిళ్ళ మేలు. మా ఆయన వాదన కూడా ఇక్కడే ఉంది. రెండు రోజుల గడ్డం ఉంటే మొదటి విడత నాలుగులో గీసి, రెండో విడత రెండుకి తగ్గించుకుంటారట. పలకల రకంలో అలా చెయ్యాలంటే నురుగు చేతులతో బ్లేడు తీసి మళ్ళీ పెట్టాలి. నిజమే, ఒప్పుకుంటున్నాను. ఒంటరిగా ఉండే మగవాడికి, తన ముఖం తానే గీసుకునేవాడికి, అది మంచి సదుపాయమే.

కానీ ఇల్లనేది అలా ఉండదు. ఇంట్లో తేడా మొదటి విడతకీ రెండో విడతకీ మధ్య కాదు, తాతకీ మనవడికీ మధ్య. ముఖం మారేది నిమిషాల్లో కాదు, ఏళ్ళలో. మా వాడి లేత గడ్డానికి ఇప్పుడు చిన్న అంకె చాలు, నాలుగేళ్ళ తర్వాత పెద్దది కావచ్చు. మామయ్యగారి చర్మం ఒకప్పుడు దేనికైనా తట్టుకునేది, ఇప్పుడు తడిసిన ఉల్లిపొరలా ఉంది. ఏళ్ళకి ఒకసారి మారేదానికి రోజూ తిరిగే డయల్ ఎందుకు?

"వాడినవాళ్ళు మళ్ళీ రెండుకి తిప్పి పెడితే సరిపోతుంది కదా" అంటారు. నిజమే, సరిపోతుంది. గీజరు స్విచ్ వాడినవాళ్ళు ఆపితే సరిపోతుంది. పేస్టు మూత పెడితే సరిపోతుంది. ట్యాంకు నిండగానే మోటారు కట్టేస్తే సరిపోతుంది. పెళ్ళయి ఇరవై మూడేళ్ళు, వీటిలో ఒక్కటైనా వాడినవాళ్ళు చేసిన రోజు నాకు గుర్తులేదు. డయల్ రేజర్ ఒక నమ్మకం మీద నడుస్తుంది: చివరగా పట్టుకున్నవాళ్ళు జాగ్రత్తగా ఉంటారని. మన ఇళ్ళలో చివరగా పట్టుకునేది ఎప్పుడూ ఒకరే. పలకలో ఆ జాగ్రత్త లోహంలోనే ఉంటుంది. నేను నిద్ర చాలక లేచినా, పాలవాడు పిలిచినా, అది మారదు.

ఇంకో సంగతి, మా వాడు ఆరుకి ఎందుకు తిప్పాడో అడిగాను. "ఎక్కువ పెడితే నున్నగా వస్తుంది కదమ్మా" అన్నాడు. వీడియో గేములో లెవెల్ అనుకున్నాడు! పెద్ద సందు ఎక్కువ నురుగునీ వెంట్రుకల్నీ ఒక్కసారి లాక్కుపోతుంది, దట్టమైన గడ్డానికి పనికొస్తుంది. నున్నదనం ఎక్కువగా చేతి వాటం మీద, కోణం మీద, ముందు ముఖం తడిపిన తీరు మీద ఉంటుంది. డయల్ కనపడితే ఆ వయసు పిల్లాడు పైకి తిప్పకుండా ఉంటాడా?

మన నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. అల్వాల్ బోరు నీళ్ళేమిటో బకెట్ అంచు మీద తెల్ల చార తోమినవాళ్ళకి తెలుసు. ఉప్పు నీళ్ళలో సబ్బు తెట్టు కడుతుంది. ఆ తెట్టు డయల్ మరలోకి దూరి గట్టిపడితే తిరగడం కష్టమవుతుంది. నెల తిరక్కుండానే మా ఆయనది వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టాల్సి వచ్చింది. నానబెట్టింది ఎవరో చెప్పక్కర్లేదు. పలకల రేజర్ అయితే విప్పి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి పెట్టేయడమే.

వస్తువు మంచిదా కాదా అన్నది దాన్ని వాడే ఇల్లు చెప్పాలని జిలెట్‌కే ఒకసారి తెలిసొచ్చింది. మన దేశం కోసం చేసిన ఒక రేజర్‌ని అమెరికాలో ఎంఐటీలో చదువుతున్న మన పిల్లలకిచ్చి పరీక్షించారు. బ్రహ్మాండం అన్నారు వాళ్ళు. ఇక్కడికొచ్చాక చూస్తే, చాలామంది కుళాయి కింద కాదు, మగ్గులో కాసిని నీళ్ళు పెట్టుకుని గీసుకుంటారు. పారే నీళ్ళు లేక వెంట్రుకలు బ్లేడులో ఇరుక్కున్నాయి. అప్పుడు మన ఇళ్ళకొచ్చి, గీసుకునేవాళ్ళని చూసి, 2010లో గార్డ్ అనే రేజర్ తెచ్చారు. రేజర్ 15 రూపాయలు, బ్లేడు 5 రూపాయలు. అంత పెద్ద కంపెనీ ఇళ్ళలోకి వచ్చి చూడాల్సి వచ్చింది. మా ఇంట్లో ఉన్నవాళ్ళకి మా వరండా కనపడలేదు.

ఇప్పుడు నా మీద వచ్చే ప్రశ్నలకి జవాబులు. "ఎలక్ట్రిక్ షేవర్ వాడొచ్చు కదా?" రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకి డాక్టర్లు చెప్పేది అదే, మీ ఇంట్లో ఒప్పుకుంటే అదే వాడండి. మేమూ కొన్నాం. మామయ్యగారు రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు చెంప తడుముకుని, "గడ్డం ఉంది కదమ్మా ఇంకా" అన్నారు. ఆ ముఖం చూశాక బలవంతం చెయ్యలేకపోయాను. డాక్టర్‌గారిని అడిగితే, తప్పదంటే మెత్తటి రేజర్‌తో, వెంట్రుక వాలిన వైపే, ఒక్క విడతే గీయమన్నారు.

"పలకలు పోతాయి కదా?" పోతాయి. పోపుల పెట్టెలో గిన్నెలు పోకుండా చూసుకుంటున్నట్టే చూసుకోవాలి. రెండు వైపులా అంకెలున్న పలకని తిరగేసి బిగించే ప్రమాదం కూడా ఉంది. నేను వద్దనుకున్న వైపు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. మిగతా పలకలు బీరువాలో పెట్టి తాళం వేశాను.

"ఒకే పిడితో ముగ్గురికీ పలకలు మార్చుకుంటారా?" లేదు. అది మేము చేసిన అసలు తప్పు. బ్లేడు వేరైనంత మాత్రాన చాలదు, గాటు పడ్డ చోట తగిలిన రేజర్ ఇంకొకరికి వాడకూడదు. హెపటైటిస్ బి లాంటివి రేజర్ పంచుకున్నా అంటుకునే అవకాశం ఉంది. ఒక్కటి చాలు ముగ్గురికీ అన్న పొదుపే డయల్ వల్ల వచ్చిన దురాశ. ఇప్పుడు మామయ్యగారిది పలకల రేజర్, ఒకటో అంకెలో బిగించి ఉంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. మా వాడికి కూడా పలకల రకమే, చిన్న అంకె బిగించి ఇచ్చాను. మా ఆయన డయల్ మా ఆయనదే. ఆరుకి తిప్పుకుంటారో అరవైకి తిప్పుకుంటారో ఆయన ఇష్టం, ఆయన చెంప.

మీ ఇంట్లో డయల్ రేజర్ ఉంటే పారేయమని అనడం లేదు. అది ఒక్కరి పేర రాసేయండి. ఇంట్లో పెద్దవాళ్ళకి మీరు గీస్తుంటే మాత్రం, చెయ్యి వేసేముందు ఎవరు ఏం తిప్పారో అని వెతుక్కునే వస్తువు మీ చేతికి ఇవ్వద్దని గట్టిగా చెప్పండి. గడ్డం లేకపోయినా చెప్పండి.

ఈరోజు మంగళవారం కాబట్టి ఇంత తీరిగ్గా రాశాను. రేపు పొద్దున్నే నీళ్ళు కాచాలి.