జెర్రీకి చప్పట్లు కొట్టే ముందు

టామ్ అండ్ జెర్రీలో మీరు ఎవరి వైపు అని అడిగితే ఎక్కువ మంది జెర్రీ అనే అంటారు. చిన్న ప్రాణి, తెలివైనది, పెద్ద పిల్లిని ముప్పుతిప్పలు పెడుతుంది కదా! సరే, ఒప్పుకుంటా. కానీ ‘ద క్యాట్ కన్సర్టో’ ఒక్కసారి మళ్లీ చూడండి. ఎనిమిది నిమిషాలు కూడా ఉండదు. అది చూశాక కూడా మీ ఓటు జెర్రీకేనా?

1947లో విడుదలైన ఈ బొమ్మకి దర్శకులు విలియం హానా, జోసెఫ్ బార్బెరా. టామ్ కోటు వేసుకుని దర్జాగా స్టేజీ మీదకొచ్చి, పియానోపై లిస్ట్ స్వరపరిచిన ‘హంగేరియన్ రాప్సొడీ నంబర్ 2’ మొదలుపెడతాడు. ఆ పియానో లోపలే జెర్రీ నిద్రపోతుంటాడు. నిద్ర చెడుతుంది. లేచి వెక్కిరిస్తే టామ్ వేలితో ఒక్క మీటు మీటి ఎగరగొడతాడు. ఇక యుద్ధమే. వేళ్ల మీద పియానో మూత పడుతుంది, కత్తెర వస్తుంది, మెట్ల స్థానంలో ఎలుకల బోను ప్రత్యక్షమవుతుంది. ఒక్క డైలాగు లేదు.

అసలు గొప్పతనం ఎక్కడుందంటే, టామ్ వాయించడం ఆపడు. వేరే ఎపిసోడ్లలో అయితే ఇల్లంతా పరిగెత్తి తరిమేవాడు. ఇక్కడ ఎదురుగా జనం ఉన్నారు. దెబ్బ తగిలినా మొహంలో హుందాతనం తగ్గకూడదు, పాట తప్పకూడదు. అందుకే ప్రతి దెబ్బా తాళానికి సరిగ్గా పడుతుంది. సంగీత దర్శకుడు స్కాట్ బ్రాడ్లీ పనితనం అది. ఇక్కడ సంగీతమే స్క్రిప్ట్. సీను సీనుకీ పంచ్ డైలాగు ఇరికించే మన షార్ట్ ఫిల్మ్ మిత్రులు ఇది గమనించాలి.

చివరికి జెర్రీ పియానో సుత్తులు విరిచి, వాటితోనే ఎడాపెడా వాయించేస్తాడు. టామ్ అలసి కుప్పకూలిపోతాడు. చప్పట్లు మోగుతాయి. వెలుగు ఎవరి మీద పడుతుంది? జెర్రీ మీద.

ఇంకో సంగతి. ఈ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. ఈ సిరీస్‌కి మొత్తం 7 ఆస్కార్లు. అప్పట్లో ఆ విభాగంలో అవార్డు నిర్మాతకి ఇచ్చేవారు కాబట్టి ఏడూ ఫ్రెడ్ క్వింబీ పేరు మీదే వెళ్లాయి. కథ అల్లి, దర్శకత్వం చేసిన ఆ ఇద్దరి పేరు మీద ఒక్కటీ లేదు. సినిమా క్లైమాక్స్ స్టేజీ బయట కూడా నడిచిందన్నమాట!

ఇది మనకి కొత్తా చెప్పండి? ప్రాజెక్ట్ రివ్యూలో రాత్రంతా కూర్చుని కోడ్ సరిచేసినవాడు చివరి బెంచీలో కునుకు తీస్తుంటాడు. పీపీటీ చెప్పినవాడికి “గుడ్ వర్క్” దక్కుతుంది. చెప్పడం కూడా పనే, కాదనను. జెర్రీ కూడా చివర్లో నిజంగానే వాయించాడు, నిర్మాత లేకపోతే సినిమా లేదు. నా గొడవల్లా వెలుగు ఒక్కరి మీదే ఎందుకు పడాలి అన్నదే. ఎవరు ఏ భాగం చేశారో మొదటి స్లైడులోనే రాస్తే పోయేదేముంది? మన క్లబ్ షార్ట్ ఫిల్మ్‌లలో ఎడిటింగ్ చేసినవాళ్ల పేరు రెండు సెకన్లు ఎక్కువ కనిపిస్తే సినిమా పాడవుతుందా?

నా ఓటు మాత్రం టామ్‌కే. దెబ్బలు తింటూ కూడా పాట ఆపనివాడికి ఆ మాత్రం చప్పట్లు బాకీ ఉన్నాం.