బబుల్ సార్ట్ చేసిన మెటలర్జిస్టు

ట్రాన్సిస్టర్ ఎవరు కనిపెట్టారంటే మన క్లాసులో అందరం టకటకా చెప్పేస్తాం: బార్డీన్, బ్రాటెన్, షాక్లీ. 1956లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ముగ్గురూ ఫిజిక్స్ వాళ్లే. నన్నడిగితే ఆ లిస్టు సగమే. ల్యాబు బల్ల మీదున్న ట్రాన్సిస్టర్ ఫ్యాక్టరీ దాకా వచ్చిందంటే అందులో పెద్ద వాటా విలియం ఫాన్ అనే మెటలర్జిస్టుది. ఆ పేరు మన టెక్స్ట్‌బుక్‌లో లేదు, వెతికి చూశా.

ఫాన్ 1935లో బెల్ ల్యాబ్స్‌లో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాడు, దాదాపు మన వయసులో. పగలు ఉద్యోగం, రాత్రి న్యూయార్క్ కూపర్ యూనియన్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదువు.

అప్పటి తలనొప్పి ఏంటంటే, జెర్మేనియంలో కోట్ల అణువుల మధ్య ఏ కొన్ని పరాయి అణువులు దూరినా అందులో కరెంటు నడిచే తీరే మారిపోతుంది. అంత తక్కువ మలినాన్ని పరికరాలు కూడా పట్టలేకపోయేవి. అక్కడే పనిచేసిన స్కాఫ్, థ్యూరర్ సిలికాన్‌లో ఫాస్ఫరస్ ఉందని పసిగట్టింది మీటర్‌తో కాదు, ముక్కుతో! వాసన బట్టి.

ఫాన్ ఏం చేశాడంటే, కడ్డీ మొత్తం కరిగించకుండా చిన్న భాగం మాత్రమే కరిగించి, ఆ కరిగిన భాగాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరిపాడు. మలినాల్లో ఎక్కువ భాగానికి గట్టిపడిన దాంట్లో కన్నా కరిగిన దాంట్లో ఉండటమే ఇష్టం. కాబట్టి వేడితో పాటే అవీ జరుగుతాయి. మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి. ఇంకోసారి. చెత్తంతా తోకలో చేరాక తోక కోసేయడమే. అచ్చం బబుల్ సార్ట్! కాకపోతే మనం దాన్ని స్లో అని వెక్కిరిస్తాం. ఫాన్ మాత్రం వరుసగా హీటర్లు పెట్టి ఒక్క ప్రయాణంలోనే చాలా పాస్‌లు లాగించాడు. పైప్‌లైనింగ్ అన్నమాట.

1952లో పేపర్ వేశాడు. 1000 కోట్ల జెర్మేనియం అణువులకి ఒక్క మలినం కూడా లేనంత శుద్ధి. భూమ్మీద జనమే 800 కోట్లు, ఊహించుకోండి. భోజనమయ్యాక కుర్చీ వెనక్కి వాల్చి కునుకు తీస్తుంటే ఐడియా తట్టిందట. దీనికి దగ్గరి ఆలోచన 1939లోనే వచ్చినా, ఇంత తేలిక విషయం అందరికీ తెలిసే ఉంటుందని వదిలేశాడట. నాకు బాగా నచ్చింది ఈ ముక్కే.

ఇక మన సంగతి. కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ రాకపోతేనే మెటలర్జీ. హాస్టల్‌లో ఆ బ్రాంచి వాళ్లని "ఇనుప కొట్టు" అంటాం. మాకు తెలిసిన ఒక సీనియర్ అన్న ఫర్నేస్ ప్రాజెక్టు మానేసి ప్లేస్‌మెంట్ కోసం జావా నేర్చుకుంటున్నాడు. అన్నని తప్పు పట్టను, ఇంట్లో లోన్ ఉంది. కానీ 2021లో కేంద్రం చిప్‌ల కోసం 76,000 కోట్ల పథకం ప్రకటించింది. ఆ ఫ్యాక్టరీల్లో క్రిస్టల్ సంగతి ఎవరు చూస్తారు, జావా వాళ్లా?

వచ్చే సెమ్ ఓపెన్ ఎలక్టివ్‌గా నేను మెటీరియల్స్ సైన్స్ పెట్టుకుంటున్నా. పది మంది లేకపోతే కోర్సు నడపరట. ఇప్పటికి ఆరుగురం.