మగ్గము దగ్గర ఫోను ఎందుకు?

మన బళ్ళారి సరిహద్దు గ్రామములలో నేతగానికి సెల్‌ఫోను అక్కరలేదని మేము చెప్పము. ఆదోని వ్యాపారి కోరిన రంగును అందులోనే చూడవచ్చును. 2016లో యూపీఐ వచ్చినది మొదలు డబ్బును అందులోనే పుచ్చుకొనవచ్చును. బజారుకు, బ్యాంకుకు పోవునప్పుడు వెంట ఉండవలసినదే.

కాని గుంటమగ్గములో కాళ్లు తొక్కుడు కర్రల మీద, ఒక చేయి నాడె తాడు మీద, రెండవది పలక మీద ఉండగా ఫోను పట్టుటకు మూడవ చేయి ఏది? మొన్న మేమే మాటలాడుచు నేసి, తెగిన పడుగు పోగును గమనింపలేదు. జానెడు నేసిన పిదప కనబడినది. చీర రెండవ రకములో పడినది. సంఘము పుస్తకములో ఆ కూలికోతను మా చేతితోనే వ్రాసుకొంటిమి.

ఇంట జబ్బువారున్నచో ఫోనును ఇంటివారి చేతికి ఇయ్యవచ్చును. తక్కిన పిలుపులు మధ్యాహ్నము దాక ఆగగలవు. కావున సభ్యులు మగ్గములోనికి దిగుటకు ముందు ఫోనును గోడ గూటిలో ఉంచవలెనని మా మనవి.